అప్‌డేట్: ఆర్గానిక్ వైన్ సీసా అడుగున తెల్లటి పలుకులు, సంగతి తేలింది

ఫ్రాన్స్‌లో కోల్మార్ దగ్గర చిన్న ఆర్గానిక్ ద్రాక్షతోటలో కొన్న రీస్లింగ్ (ఒక రకం వైట్ వైన్) సీసా అడుగున తెల్లటి పలుకులున్నాయి, తాగొచ్చా అని అడిగాను కదా. సలహాలిచ్చినవాళ్లకి థ్యాంక్స్. "వైన్ షాపులో చూపించండి" అన్నదే పనికొచ్చింది. స్ట్రాస్‌బూర్‌లో షాపాయన సీసాని లైటుకి ఎత్తి, వంచి చూసి నవ్వేశాడు. గాజూ కాదు, పంచదారా కాదు. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం పొటాషియంతో కలిసి చలికి గడ్డకట్టిన లవణమట. పెద్ద కంపెనీలు సీసాల్లో నింపేముందే వైన్‌ని బాగా చల్లబరిచి దాన్ని తీసేస్తాయి, చిన్న తోటలవాళ్లు చాలామంది ఆ పని పెట్టుకోరు. మా ఫ్రిజ్ చలికి బయటపడింది, అంతే. బిరడా పాడైందేమో అని కొందరన్న అనుమానానికీ, సల్ఫైట్ల (వైన్ చెడిపోకుండా కలిపే పదార్థాల) గొడవకీ దీంతో సంబంధం లేదు. సీసా కాసేపు నిలబెట్టి, మెల్లగా వంపుకుని, అడుగున కొంచెం వదిలేశాం. రుచికి ఢోకా లేదు.