చెరువు గట్టున గిజిగాడి గూడు శిల్పం: మళ్లీ చేసేటప్పుడు ఏం మార్చుకోవాలి?

ప్రశ్న: గిజిగాడి గూటిని పోలిన 2 మీటర్ల శిల్పాన్ని పాత నీళ్ల సీసాల పట్టీలతో అల్లి, చెరువు గట్టు మీది చెట్టుకు వేలాడదీశాను. రెండు వేసవులు గడిచేసరికి పట్టీలు పెళుసెక్కి, వేలితో నొక్కితే విరిగి నీళ్లలో రాలుతున్నాయి. కట్టిన తీగ కొమ్మ బెరడులోకి దిగిపోయింది. ఈసారి ఏ వస్తువులు వాడాలి, దేనికి వేలాడదీయాలి?

జవాబు: లోపం మీ అల్లికలో లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్ అణువుల పొడవాటి గొలుసులను తెంచుతాయి. రంగు పూసినా అది కొన్నాళ్లకు పొరలుగా ఊడిపోతుంది. రాలిన ముక్కలు చేపల నోటికి చేరే చోట పలుచని ప్లాస్టిక్‌ను పూర్తిగా మానుకోవాలన్నది నా అభిప్రాయం. టైరు రబ్బరు ఎండకు ఎక్కువకాలం ఆగుతుంది గానీ, దానిలోని రసాయనాలు నీటిలోకి దిగుతాయి.

మీకు సరిపడేవి జింకు పూత ఉన్న పాత తీగ, సైకిల్ రిమ్ములు, స్పోకులు. గిజిగాడు ముందు కొమ్మకు ఒక వలయం అల్లుకుని, దాని నుంచే గదిని పెంచుకుంటూ పోతుంది; మీరు కూడా రిమ్మును ఆ వలయంగా తీసుకుని, అక్కడి నుంచి కిందికి అల్లవచ్చు. తీగ ముడిని పటకారుతో తిప్పేటప్పుడు బిగువు తెలిసిన వెంటనే ఆపండి, మరో చుట్టు తిప్పితే మెడ దగ్గర పుటుక్కున తెగుతుంది. ఘానాలో పుట్టిన శిల్పి ఎల్ అనాట్సుయి సీసాల అల్యూమినియం మూతలను రాగి తీగతో కుట్టి పెద్ద పెద్ద తెరలు చేశారు. ఆ పద్ధతి ఎవరికైనా నోరూరిస్తుంది గానీ, తడి ఆరని గట్టున రాగిని ఆనుకున్న అల్యూమినియాన్ని తుప్పు త్వరగా తినేస్తుంది.

అల్లికను వదులుగా ఉంచండి. గంటకు 72 కిలోమీటర్ల గాలి, 2 చదరపు మీటర్ల రేకు ఎదురుగా ఉంటే, దానిని దాదాపు 60 కిలోల బరువు మోపినంత బలంగా తోస్తుంది. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగింతలవుతుంది. గాలి దూరిపోయే గూటికి ఈ బాధ చాలా తక్కువ.

మళ్లీ ప్రశ్న: చెట్టుకు కాకుండా పాత నీటి గొట్టాన్ని కొమ్మలా వంచి పాతితే ఎలా ఉంటుంది?

జవాబు: చాలా మంచి ఆలోచన. ముఖ్యమైన వేర్లకు దూరంగా గొయ్యి తవ్వి, గొట్టం చుట్టూ కాంక్రీటు దిమ్మె పోసి, దాని పైభాగాన్ని నీరు జారిపోయేలా వాలుగా పోయండి. గొట్టం పైకొస మూసి, దిమ్మెకు కాస్త పైన చిన్న రంధ్రం పెట్టండి, లేకపోతే లోపల నిలిచిన నీరు బయటికి కనబడకుండానే గొట్టాన్ని తినేస్తుంది. జింకు పూతను గీకివేయకుండా వెల్డింగ్ చేస్తే వచ్చే పొగ పీల్చినవారికి ఆ రాత్రికే చలిజ్వరం రావచ్చు; నేనైతే బోల్టులతోనే బిగిస్తాను.

మరొక సభ్యుని సూచన: కొమ్మలోకి దిగిన పాత తీగను లాగవద్దు. ఆహారాన్ని మోసే పొర బెరడుకు వెంటనే లోపల ఉంటుంది కనుక లాగితే అది చీలిపోతుంది. బయటికి కనబడే భాగాన్ని కత్తిరించి, మింగిన ముక్కను చెట్టుకే వదిలేయండి.