ఏడాదిగా ఆగి ఉన్న క్యాంపింగ్ ట్రెయిలర్: టైర్లు నమ్మొచ్చా?

ప్రశ్న: బెంగళూరులో ఆరుబయట ఏడాదిగా ఉంది. టైర్ల ట్రెడ్ (నేలను తాకే గాళ్ల భాగం) నిండుగానే ఉంది. సకలేశ్‌పుర దాకా లాగొచ్చా అండీ?

జవాబు 1: ట్రెడ్ చూసి మోసపోకండి. ట్రెయిలర్ టైరు అరిగేలోపే ఎండకు పాడవుతుంది. టైరు పక్కన DOT అని మొదలయ్యే కోడ్ చివరి నాలుగంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. ఆరేళ్లు దాటితే మార్చేయండి.

జవాబు 2: జాకీతో లేపి, స్టాండు పెట్టి, చక్రం మెల్లగా తిప్పండి. లోపలివైపు సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) ఎవరూ చూడరు. అక్కడ తడమండి, గ్లవ్ వేసుకునే, తీగ గుచ్చుకోవచ్చు. ఉబ్బు తగిలితే లోపలి దారాలు తెగినట్టే, ప్యాచ్‌తో పోదు. ట్రెడ్ ఒకచోట ఎత్తుగా తిరిగితే పొరలు విడుతున్నాయి.

జవాబు 3: గాలి కొట్టే వాల్వు వంచి చూడండి, దాని మొదలు దగ్గర పగుళ్లుంటే అదీ మార్చాలి. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడండి. స్టెప్నీ తేదీ కూడా చూశారా?