బ్లూమింగ్టన్‌కి కొత్త, ఫుట్‌బాల్ విభాగంలో స్టూడెంట్ జాబ్ ఇంటర్వ్యూ ఉంది, సలహా ఇవ్వగలరు

అడిగినవారు: కొత్త విద్యార్థి, బ్లూమింగ్టన్

అందరికీ నమస్కారం. ఈ జనవరిలోనే ఇండియానా యూనివర్సిటీలో ఎంఎస్‌లో చేరాను. వచ్చిన కొద్ది రోజులకే మా యూనివర్సిటీ టీమ్ కాలేజీ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్) జాతీయ ఫైనల్ గెలిచిందని ఊరంతా ఎర్ర చొక్కాలేసుకుని రోడ్లమీదకొచ్చింది. ఇప్పుడు అథ్లెటిక్స్‌లో ఆటగాళ్ల రికార్డులు సరిచూసే పార్ట్‌టైమ్ పనికి పిలిచారు. వచ్చే గురువారం ఇంటర్వ్యూ. నాకు క్రికెట్ తప్ప ఏమీ తెలియదు. "చిన్న స్కూళ్ల ట్రాన్స్‌ఫర్లతో (అంటే వేరే కాలేజీల నుంచి మారి వచ్చిన ఆటగాళ్లతో) టీమ్ కట్టారు" అని అందరూ అంటున్నారు. అది ఎలా జరిగిందో ఎవరైనా చెప్తారా? నేను చదివింది నరసరావుపేట దగ్గర చిన్న ఇంజినీరింగ్ కాలేజీలో. ఆ పేరు ఇక్కడెవరికీ తెలియదు, అదీ కొంచెం భయంగా ఉంది.

ఇండియానాపోలిస్ నుంచి

తమ్ముడూ, ఈ నాలుగు రోజుల్లో ఆట రూల్స్ బట్టీ పట్టాలని చూడకు. వాళ్లు నిన్ను తీసుకునేది రికార్డులు చూడటానికి. కాబట్టి టీమ్ కట్టిన తీరు అర్థం చేసుకుంటే చాలు.

ఇండియానా టీమ్‌కి 2021లో 2 గెలుపులు, 2022లో 4, 2023లో 3. ఒక్కో సీజన్‌కి 12 ఆటలు. ఆ రోజుల్లో నేను మా పిల్లల్ని తీసుకెళ్తే, ఆట సగంలోనే జనం లేచి వెళ్లిపోయేవాళ్లు. 2023 నవంబరు 30న కర్ట్ సిగ్నెటీని కోచ్‌గా తెచ్చారు. అప్పటికి ఆయనకి 62 ఏళ్లు. అలబామా యూనివర్సిటీలో నిక్ సేబన్ అనే పేరున్న కోచ్ దగ్గర అసిస్టెంటుగా చేసి, 2011లో ఆ పెద్ద కొలువు వదిలేసి, పెన్సిల్వేనియాలో డివిజన్ 2 (కింది స్థాయి) కాలేజీకి హెడ్ కోచ్‌గా వెళ్లారు. తర్వాత ఈలాన్ యూనివర్సిటీ, ఆ తర్వాత వర్జీనియాలో జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ. అంటే చిన్న చోట్ల ఆడే పిల్లల్ని 13 సీజన్లు దగ్గర్నుంచి చూశారు. నా లెక్కలో అసలు పెట్టుబడి అదే.

ఇండియానాకి వస్తూ జేమ్స్ మాడిసన్ నుంచి 13 మంది ఆటగాళ్లని తెచ్చుకున్నారు. ఆయన నోట తరచూ వచ్చే మాట "ప్రొడక్షన్ ఓవర్ పొటెన్షియల్". మన భాషలో చెప్పాలంటే, రంజీలో మూడు సీజన్లు పరుగులు చేసినవాడు ఒకడు, అండర్-19లో భలే ఉన్నాడని అందరూ మెచ్చుకున్నవాడు ఇంకొకడు. ఆయన మొదటివాణ్ణి తీసుకుంటారు. పొడవు, బరువు, హైస్కూల్లో ఉన్నప్పుడు ఆటగాళ్లకి ఇచ్చే స్టార్ రేటింగులు, ఇవన్నీ రెండో మాట. జేమ్స్ మాడిసన్ నుంచి వచ్చిన డి'ఏంజెలో పాండ్స్ ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలే. కార్నర్‌బ్యాక్‌కి (ఎదుటి టీమ్ పాస్‌లు అడ్డుకునే ఆటగాడికి) అది తక్కువని పెద్ద టీములు అనుకుంటాయి. 2026 జనవరిలో ఒరెగాన్‌తో సెమీఫైనల్ మొదటి ప్లేలోనే బంతి లాక్కుని టచ్‌డౌన్ చేసింది అతనే. ఇలైజా శారట్ సెయింట్ ఫ్రాన్సిస్ అనే చిన్న కాలేజీలో మొదలుపెట్టి, జేమ్స్ మాడిసన్ మీదుగా ఇక్కడికొచ్చాడు.

ఇంకో లాభం ఉంది, దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. జేమ్స్ మాడిసన్ నుంచి వచ్చిన ఎయిడెన్ ఫిషర్ లాంటివాళ్లకి కోచ్ పద్ధతి ముందే తెలుసు. కోఆర్డినేటర్లు (ఎటాక్, డిఫెన్స్ చూసుకునే కోచ్‌లు) కూడా అక్కడివాళ్లే. కాబట్టి కొత్త టీములో మొదటి రోజే పాతవాళ్లకి పాఠం చెప్పగలిగే ఆటగాళ్లు ఉన్నారు. 2024లో వరసగా 10 ఆటలు గెలవడం అందుకే సాధ్యమైందని నేను గట్టిగా నమ్ముతాను.

దీనికి దారి తీసింది రూల్ మార్పు. 2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) వచ్చింది. 2021 నుంచి ఒకసారి మారితే ఏడాది బెంచీ మీద కూర్చోవక్కర్లేదు. 2024లో చదువులో అర్హత ఉంటే ఎన్నిసార్లైనా మారే వీలిచ్చారు. అంటే మార్కులు, క్రెడిట్లు కూడా ఆటంత ముఖ్యం. నీకు రాబోయే పని అక్కడిదే కావచ్చు.

వర్జీనియా, హారిసన్‌బర్గ్ దగ్గర్నుంచి

అక్క చెప్పింది నిజం, కానీ ఇటు పక్క కూడా తెలుసుకోండి. జేమ్స్ మాడిసన్ ఉన్నది మా ఊళ్లోనే. ఆ 13 మంది వెళ్లిన డిసెంబరులో ఇక్కడ అందరికీ చాలా బాధేసింది. ఏళ్లపాటు పెంచుకున్న పిల్లలు, చూస్తుండగా వెళ్లిపోయారు. చిన్న స్కూలు అనగానే ఆటగాళ్లని పెంచి పంపే నర్సరీ అన్నట్టు మాట్లాడకండి. జేమ్స్ మాడిసన్ మళ్లీ కట్టుకుంది. 2025 సీజన్‌లో ప్లేఆఫ్‌కి (జాతీయ టైటిల్ కోసం జరిగే నాకౌట్‌కి) వెళ్లి, అదే ఒరెగాన్ చేతిలో 51-34తో ఓడింది. అక్కడ 34 పాయింట్లు చేయడం చిన్న సంగతేమీ కాదు. ఇంటర్వ్యూలో ఈ సంగతి గౌరవంగా ప్రస్తావిస్తే, మీరు విషయం లోతుగా చూశారని వాళ్లకే అర్థమవుతుంది.

అడిగినవారు

అక్కా, అన్నా, చాలా థాంక్స్. ఒక సందేహం. హైస్మన్ (ఏటా ఉత్తమ కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడికిచ్చే అవార్డు) గెలిచిన మన టీమ్ ఫెర్నాండో మెండోజా కాలిఫోర్నియా బర్క్‌లీ నుంచి వచ్చాడు కదా, అది చిన్న స్కూలు కాదుగా? ఇంకొకటి, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఈ పని చేయొచ్చా?

ఇండియానాపోలిస్ నుంచి

స్కూలు పెద్దదే, కానీ హైస్కూల్లో అతనికి రెండు స్టార్లే. ముందు యేల్‌కి మాటిచ్చాడు, ఆఖర్లో బర్క్‌లీకి వెళ్లాడు. ఎంచుకున్న లెక్క ఒకటే, అక్కడ మైదానంలో ఏం చేశాడన్నది. జనవరి 19న ఫైనల్లో మయామీ మీద 27-21తో గెలిచి, 16 ఆటలకి 16 గెలుపులతో సీజన్ పూర్తి చేశారు.

ఎఫ్-1 మీద క్యాంపస్ పని చేయొచ్చు. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలు దాటకూడదు. చేరేముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి కాగితాలు సరిచూసుకో, సోషల్ సెక్యూరిటీ నంబర్‌కి వాళ్లే దారి చెప్తారు.

కాలేజీ పేరు గురించి దాచకు, సాగదీయకు. నీ చివరి ఏడాది ప్రాజెక్టు ల్యాప్‌టాప్‌లో తెరిచి పెట్టుకుని వెళ్లు. డేటా ఎక్కడ పాడైంది, నువ్వు ఎలా సరిచేశావు, అది చూపించు. బుధవారం సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యి, ఓ గంట కూర్చుని ప్రశ్నలు అడుగుతాను. నంబర్ విడిగా పంపిస్తున్నా.