కొత్త అపార్టుమెంట్లలో ప్రతి పార్కింగ్ స్థలానికీ చార్జింగ్ తీగ వెళ్లే పైపు వేయడాన్ని నిబంధనగా పెట్టాలా?

నిజాంపేట నివాసి:
రెండేళ్ల క్రితం విద్యుత్ కారు కొన్నాను. మా అపార్టుమెంటులో మీటర్ల గది సెల్లార్‌కు ఒక మూలన ఉంటే, నాకు కేటాయించిన పార్కింగ్ దానికి ఎదురు మూలన, సుమారు 45 మీటర్ల దూరంలో ఉంది. కట్టేటప్పుడు పైపు వేయలేదు కాబట్టి, బీముల కింద క్లాంపులు కొట్టించి, నీటి పైపుల పక్కనుంచి కేబుల్ లాగించి, రెండు చోట్ల గోడకు రంధ్రాలు వేయించాను. అసోసియేషన్ అనుమతికే నాలుగు నెలలు పట్టింది. నా తరువాత కారు కొన్న పొరుగింటివారికీ మళ్లీ అదే తంతు. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణ ప్రకారం వాహన చార్జింగ్ కోసం విడిగా విద్యుత్ కనెక్షన్ తీసుకోవచ్చు. కానీ ఆ కనెక్షన్ నుంచి కారు దాకా తీగ వెళ్లే దారి భవనంలో లేకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది.

కేంద్ర గృహ నిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2019 ఫిబ్రవరిలో నమూనా నిర్మాణ నిబంధనలను సవరించి, పార్కింగ్‌లో 20 శాతానికి చార్జింగ్ ఏర్పాట్లు ఉండాలని చెప్పింది. నమూనా కనుక, దానిని రాష్ట్రాలు స్వీకరిస్తేనే అమలవుతుంది. నా అభిప్రాయంలో 20 శాతం అన్న లెక్కే సరికాదు. ప్రతి స్థలానికీ ఖాళీ పైపు, మీటర్ల గదిలో చోటు ఉండాలి. చార్జరును కారు కొన్నవారే పెట్టుకుంటారు.

నిర్మాణదారు:
మీ ఇబ్బంది నిజమేనండి, కానీ అసలు భారం పైపుది కాదు, లోడ్‌ది, అంటే భవనానికి తీసుకోవాల్సిన విద్యుత్ సామర్థ్యానిది. ఆ 2019 సవరణ ప్రకారం చార్జింగ్ పాయింట్లన్నీ ఒకేసారి పనిచేస్తాయని లెక్కగట్టి, దానికి 1.25 రెట్లు చూపించాలి. వంద పార్కింగ్ స్థలాలున్న భవనంలో 20 పాయింట్లు, ఒక్కొక్కటి 3.3 కిలోవాట్లు అనుకుంటే 82.5 కిలోవాట్లవుతుంది. అవే 7.4 కిలోవాట్ల చార్జర్లయితే 185 అవుతుంది. అందుకు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, దానికి స్థలం, డిపాజిట్ అన్నీ కావాలి. ఆ ఖర్చు చదరపు అడుగు ధరలో కలిసిపోయి, స్కూటర్ కూడా లేని కొనుగోలుదారు మీద పడుతుంది. అది న్యాయమా?

విద్యుత్ ఇంజినీరు:
న్యాయం కాదు, లెక్క కూడా వాస్తవానికి దూరంగా ఉంది. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారుకు సుమారు 6 యూనిట్లు చాలు. ఇరవై కార్లకు 120 యూనిట్లు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా వంతులవారీగా ఇస్తే సగటున 15 కిలోవాట్లు సరిపోతాయి. లోడ్‌ను పంచే పరికరాన్ని నిబంధన అంగీకరిస్తే నిర్మాణదారుగారి ఆందోళన చాలావరకు తీరుతుంది. అలా పంచాలన్నా ప్రతి స్థలానికీ దారి ముందే ఉండాలి. స్లాబు పోయకముందు పైపు వేయడం ఒక పూట పని. పోసిన తరువాత అదే కోర్ కటింగ్, అంటే కాంక్రీటును యంత్రంతో తొలిచే పని, అవుతుంది.

దారి లేనప్పుడు జనం ఏం చేస్తున్నారో నేను తరచుగా చూస్తున్నాను. గీజరు పావుగంట లాగే కరెంటును చార్జ్ అయిపోయిన కారు ఎనిమిది, తొమ్మిది గంటలు ఆపకుండా లాగుతుంది. ఒకచోట వాచ్‌మన్ గది నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సుతో చార్జ్ చేస్తున్నారు. ప్లగ్ తీసి చూస్తే దాని పిన్నులు నల్లబడి, సాకెట్ రంధ్రాల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉంది. ఆ సర్క్యూట్‌కు, కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే ఆర్‌సీసీబీ లేదు, ఎర్తింగ్ తీగ ఎక్కడికీ కలపలేదు.

అసోసియేషన్ కార్యదర్శి:
మా భయం కూడా వినండి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక భవనం కింది భాగంలో ఉన్న విద్యుత్ స్కూటర్ల షోరూంలో మంటలు చెలరేగితే, పొగ పైనున్న లాడ్జిలోకి చేరి 8 మంది చనిపోయారు. మా సెల్లార్‌కు ఉన్నది ఒకే ర్యాంపు. పైన వృద్ధులున్నారు, పసిపిల్లలున్నారు. ప్రతి కారుకూ కింద చార్జింగ్ అంటే సంతకం పెట్టడానికి నాకు చేయి రావడం లేదు.

నిజాంపేట నివాసి:
కార్యదర్శిగారూ, ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను. ఇంగ్లండ్‌లో 2022 జూన్ 15 నుంచి పార్కింగ్ ఉన్న కొత్త ఇళ్లకు కనీసం 7 కిలోవాట్ల చార్జింగ్ పాయింటు తప్పనిసరి చేశారు. అయినా కప్పు ఉన్న పార్కింగుల్లో మాత్రం పాయింటు బిగించాలని పట్టుబట్టకుండా, కేబుల్ దారులు వేస్తే చాలన్నారు. నేను అడుగుతున్నదీ అంతే. దారి ఉంటే చార్జరు ఎక్కడ ఉండాలో, ఏ రక్షణలతో ఉండాలో అసోసియేషన్ నిర్ణయించగలదు. దారి లేకపోతే ఎక్స్‌టెన్షన్ బాక్సులు మీ అనుమతి అడగకుండానే సెల్లార్‌లోకి వస్తాయి.

నిర్మాణదారు:
లోడ్ పంచే పద్ధతిని ఒప్పుకుని 1.25 రెట్ల లెక్కను సడలిస్తే, ప్రతి స్థలానికీ పైపు వేయడానికి నాకు అభ్యంతరం లేదు. అయితే మీటర్ల గది కొలతలు కూడా నిబంధనలో రాయాలి. ఇప్పుడు మేము వదిలే గదిలో ఫ్లాట్ల మీటర్లకే చోటు చాలడం లేదు; పైపు వేసి చివర మీటరు పెట్టే గోడ లేకపోతే అయిదేళ్ల తరువాత మీరు మళ్లీ ఇక్కడికే వచ్చి ఇదే ప్రశ్న అడగాల్సి వస్తుంది.