బహాయీలు గీతను ఎలా చూస్తారు?

మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. పై వాటాలో ఉండే బహాయీ ఆంటీ మొన్న ప్రార్థనకు పిలిస్తే అమ్మమ్మతో వెళ్లాను. ఒకరు గీతా శ్లోకం, ఇంకొకరు బైబిల్ కీర్తన చదివారు. విగ్రహం లేదు, హారతి లేదు; చివర్లో అల్లం టీ, జంతికలు.

కృష్ణుడు, బుద్ధుడు, యేసు, మహమ్మద్ అందరినీ ఒకే దేవుడు వేర్వేరు కాలాల్లో పంపాడని, 1817లో పుట్టిన తమ మత స్థాపకుడు బహావుల్లా కూడా ఆ వరసలోవారేనని ఆంటీ చెప్పారు. బాగానే ఉంది. కానీ పునర్జన్మను మాత్రం నమ్మరట! "మరి 'వాసాంసి జీర్ణాని' శ్లోకం సంగతేంటే?" అని అమ్మమ్మ మెట్లు దిగుతూనే నన్ను పట్టుకుంది. పాత బట్టలు వదిలి కొత్తవి కట్టుకున్నట్టు ఆత్మ కొత్త శరీరం తీసుకుంటుందని చెప్పే గీతా శ్లోకం అది.

గీతను గౌరవిస్తూనే ఆ శ్లోకానికి వాళ్లు ఏ అర్థం చెప్పుకుంటారు? ఖురాన్‌నీ గీతనీ ఒకేలా ప్రమాణంగా తీసుకుంటారా? ఆంటీని అడగాలంటే మొహమాటం. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, అమ్మమ్మ రోజూ అడుగుతోంది.