అప్‌డేట్: మా నాయన చెవి మిషన్ కీచుమనడం ఆగింది

పోయిన నెల అడిగినాను కదా, మా నాయన చెవి మిషన్ ఊరికే కీచుమంటా ఉంది, విసుగొచ్చి బీరువాలో పడేసినాడు, కొత్తది కొనాలా అని. కొనలేదు. ముందు చెవి చూపించమన్న అన్నకు దండం. ఇక్కడే తిరుపతిలో ఈఎన్‌టీ డాక్టరు చింతగింజంత గుబిలి తీసినాడు! శబ్దం దానికి తగిలి వెనక్కొచ్చి మళ్లీ మైకులో పడతా ఉండిందంట. మోల్డ్ (చెవిలో దూర్చే అచ్చు) కూడా వదులైంది, కొత్తదానికి కొలత ఇచ్చొచ్చినాం.

బ్యాటరీ విషయంలో తప్పు మాదే. 312 సైజుది, గోధుమరంగు స్టిక్కర్ పీకిన వెంటనే వేసేసేవాళ్లం. లోపలికి గాలి పోవాలి, రెండు మూడు నిమిషాలు ఆగాలంట. అమ్మినాయన ఒక్క ముక్కా చెప్పలేదు. రాత్రిపూట మిషన్ బ్యాటరీ మూత తెరిచి, తేమ పీల్చే సిలికా జెల్ డబ్బాలో పెడతా ఉన్నాం.

మొదట ఇంట్లోనే రోజుకు రెండు గంటలు పెట్టించినాం. మొదటిరోజే, "ఈ ఫ్యాను ఎప్పట్నుంచి ఇట్ల అరుస్తా ఉందిరా?" అన్నాడు. పదేళ్లనుంచి నాయనా!

గాంధీ రోడ్డు రద్దీలో మాత్రం ఇంకా తీసి జేబులో వేసుకుంటాడు. మొన్న కొండమీద గుండుకు ముందు కూడా అట్లే వేసుకున్నాడు. అమ్మ చూడకపోయుంటే చొక్కాతో పాటు బకెట్లో మునిగుండేది.