కీళ్లవాతం ఉన్నామె కడుపుతో ఉంటే మందులు మానాలా?

తిరుచానూరు_కోడలు: నాకు 29. నాలుగేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్. వారానికోసారి మెథోట్రెక్సేట్, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్. ఇప్పుడు బిడ్డ కావాలనుకుంటున్నాం. "కడుపుతో ఉండి ఆ మాత్రలేందే, అన్నీ ఆపెయ్" అని మా అత్త. మా ఆయన ఎటూ చెప్పడు. మీరేమంటారు?

పీలేరు_పెద్దాయన: అత్త చెప్పిందే రైటు. మా చెల్లికీ ఇదే జబ్బు. నెల తప్పినాక నొప్పులు వాటంతటవే పోయినాయి. మాత్ర ముట్టలేదు.

చిత్తూరు_వేలూరు_బస్సు: మీ చెల్లి సంగతి అబద్ధం కాదు పెద్దాయనా. గర్భిణులకు ఈ నొప్పులు తగ్గడం ఫిలిప్ హెంచ్ అనే అమెరికా డాక్టరు 1938లోనే రాసినాడు. ఆ ఆరా కార్టిజోన్ అనే స్టెరాయిడ్ మందు దాకా పోయి 1950లో నోబెల్ తెచ్చిపెట్టింది. కానీ అందరికీ తగ్గదు. ఇప్పటి లెక్కల్లో సగానికి కాస్త అటూఇటూ, అంతే.

నేను తగ్గని సగంలో పడినా. ఎవరి మాటో విని అన్నీ ఆపేసినా. ఐదో నెలకొచ్చేసరికి పొద్దున్నే చెంబు పట్టుకుంటే జారిపోయేది, జడ మా అమ్మే వేసేది. ఆఖరికి వేలూరు పోతే స్టెరాయిడ్ పెంచాల్సి వచ్చింది. పాప 36 వారాలకే పుట్టింది, రెండు కిలోల నూరు గ్రాములు. నా ఒక్కదాని కథతో ఏదీ తేలదు గానీ, జబ్బు అదుపులో లేకుంటే నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టే ముప్పు పెరుగుతుందని డాక్టర్లూ అంటారు.

తిరుచానూరు_కోడలు: అయితే మెథోట్రెక్సేట్ కూడా వేసుకోవచ్చా అక్కా?

చిత్తూరు_వేలూరు_బస్సు: అయ్యో, అది మాత్రం వద్దమ్మా! గర్భం పోవచ్చు, బిడ్డకు అవకరాలు రావచ్చు. గర్భం కోసం చూడకముందే ఒకటి నుంచి మూడు నెలలు ముందుగా డాక్టరే మాన్పిస్తారు, అందాకా గర్భం రాకుండా జాగ్రత్త పడాల. ఇదే జబ్బుకు ఇచ్చే లెఫ్లునమైడ్ ఇంకా మొండిది, ఒంట్లో రెండేళ్లదాకా ఉండొచ్చు. దాన్ని కడిగేయడానికి కొలెస్టైరమైన్ అనే పొడి తాగిస్తారు. నీ హైడ్రాక్సీక్లోరోక్విన్‌కు ఢోకా లేదు. అవసరమైతే సల్ఫాసలజీన్ కూడా ఇస్తారు, ఫోలిక్ యాసిడ్ జోడించి.

పీలేరు_పెద్దాయన: ఇంత గొడవెందుకు, నొప్పి బిళ్ల ఒకటి వేసుకుంటే పోలా?

రేణిగుంట_నర్సు: షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటివి 20 వారాలు దాటినాక వద్దు, ఉమ్మనీరు తగ్గొచ్చు. పారాసెటమాల్ నయం. యాంటీ-రో అనే యాంటీబాడీ ఉందేమో తెలిపే రక్తపరీక్ష కూడా చేయించుకో తల్లీ. అది పాజిటివ్ అయితే నూటికి ఇద్దరి బిడ్డలకు గుండె మరీ నిదానంగా కొట్టుకోవచ్చు, అందుకే కడుపులో ఉండగానే గుండెకు స్కాన్ తీస్తారు. ఆఖరి నెలల్లో బయోలాజిక్ సూదులు (రోగనిరోధక శక్తిని అణచి జబ్బును తగ్గించే మందులు, కడుపులో బిడ్డకూ చేరతాయి) వేసుకున్నవాళ్లు కాన్పు వార్డులో ఆ మాట తప్పక చెప్పాల. మన దగ్గర పుట్టగానే బీసీజీ వేస్తారు కదా, అది బతికున్న క్రిమితో చేసే టీకా. అలాంటి పిలకాయలకు ఆరు నెలలదాకా ఆపుతారు.

పీలేరు_పెద్దాయన: ఆ మాటకొస్తే మా చెల్లికి కాన్పైన మూడో నెలలో మళ్లీ తిరగబెట్టింది. బిడ్డ చొక్కాకు గుండీ పెట్టలేక ఏడ్చేది. బాలింత వాతమని మా అమ్మ కాయం తినిపించింది.

రేణిగుంట_నర్సు: అది బాలింత వాతం కాదు సామీ, అదే జబ్బు. కాన్పు తర్వాతే చాలామందికి ఎగదన్నేది. పాలిస్తూ కూడా హైడ్రాక్సీక్లోరోక్విన్ వేసుకోవచ్చు. మెథోట్రెక్సేట్ మాత్రం అప్పుడూ వద్దు.

తిరుచానూరు_కోడలు: మంగళవారం డాక్టరు దగ్గరికి పోతున్నాం. అత్తను కూడా పిలుచుకొని పోతా.

పీలేరు_పెద్దాయన: పోయిరా తల్లీ. కాయం మాత్రం మానొద్దు.